జ్వరం చిన్నదే, కబురు పెద్దది

కాలి వేలికి దెబ్బ తగిలి చీము పట్టిందనుకోండి. ఎర్రబడుతుంది, వాస్తుంది, రాత్రంతా సలుపుతుంది, కాస్త జ్వరమూ వస్తుంది. ఇదంతా క్రిమి చేసే గొడవే అనుకుంటాం. నిజానికి అందులో ఎక్కువ భాగం మన ఒళ్లు చేసే పనే. చీములో చాలామటుకు ఉండేవి పోరాడి చచ్చిన తెల్లరక్తకణాలు. ఆ కణాలను దెబ్బ తగిలిన చోటికి చేర్చడానికి రక్తనాళాలు విప్పారితే వాపు. అవి విడుదల చేసిన రసాయనాలకు మెదడు స్పందించి ఒంటి వేడి పెంచితే జ్వరం.

మరి ఆ కణాలే తక్కువైన మనిషి సంగతేమిటి? క్రిమి లోపలికి వస్తుంది, తామరతంపరగా పెరుగుతుంది. చీము మాత్రం పట్టదు. వాపు అంతంత మాత్రం. నొప్పి ఉండీ లేనట్టుంటుంది. ఒక్కోసారి జ్వరం కూడా రాదు. లోపల జబ్బు ముదురుతున్నా మనిషి ‘కొంచెం నలతగా ఉంది, అంతే’ అంటూ పనులు చేసుకుంటూ తిరుగుతుంటాడు.

అందుకే రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు మొట్టమొదట మార్చుకోవలసింది కొలిచే పద్ధతి. ఆరోగ్యంగా ఉన్నన్నాళ్లూ జబ్బును బాధతో కొలుస్తూ వచ్చాం. తట్టుకోలేనంత బాధ ఉంటేనే ఆసుపత్రి, లేకపోతే కషాయమో బిళ్లో. ఆ అలవాటు ఇప్పుడు పనికిరాదు. ఇప్పటినుంచి చిన్న మార్పునే కబురుగా తీసుకోవాలి.

ఈ మాట ఎవరికి వర్తిస్తుంది? కీమోథెరపీ చేయించుకుంటున్నవారికి, కిడ్నీయో లివరో మార్పిడి అయినవారికి, హెచ్‌ఐవీతో జీవిస్తూ సీడీ4 అనే తెల్లకణాలు తగ్గినవారికి, కీళ్లవాతానికో ల్యూపస్‌కో నెలల తరబడి స్టెరాయిడ్లు వాడుతున్నవారికి, ప్లీహం తీసేసినవారికి, షుగర్ అదుపు తప్పినవారికి. జబ్బులు వేరైనా వీళ్లందరికీ పొంచి ఉన్న ముప్పు ఒకే రకం. మామూలు మనుషులను ఏమీ చేయలేని క్రిములు కూడా అదను చూసి వీళ్ల మీద పడతాయి. డాక్టర్లు వీటిని అవకాశవాద ఇన్ఫెక్షన్లు అంటారు. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లలో కౌన్సెలర్ల నోట ‘ఓఐలు’ అని వినిపించేది వీటి గురించే.

అలాంటి ఒక ఇన్ఫెక్షన్ మీదే 1981 జూన్ 5న అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ తన వారపత్రికలో ఒక చిన్న నివేదిక ప్రచురించింది. లాస్ ఏంజిలిస్‌లో అంతవరకూ ఆరోగ్యంగా ఉన్న అయిదుగురు యువకులకు న్యుమోసిస్టిస్ అనే శిలీంధ్రం వల్ల న్యుమోనియా వచ్చిందని, అచ్చయ్యేనాటికే ఇద్దరు చనిపోయారని అందులో ఉంది. ఆ శిలీంధ్రం కొత్తదేమీ కాదు. మనలో చాలామందికి పసితనంలోనే తగిలి, తెలియకుండానే పోయి ఉంటుంది. అలాంటిది పడుచు కుర్రాళ్లను చంపుతోందంటే వాళ్ల రక్షణ వ్యవస్థకే ఏదో అయిందని డాక్టర్లకు అనుమానం వచ్చింది. ఎయిడ్స్ కథ ప్రపంచానికి తెలిసింది అలా. హెచ్‌ఐవీ వైరస్‌ను పట్టుకోవడానికి ఇంకా రెండేళ్లు పట్టింది.

ఆ న్యుమోనియా ఇప్పటికీ ఉంది, ఇప్పటికీ నిశ్శబ్దంగానే వస్తుంది. కళ్లె పడని పొడిదగ్గు, సన్నటి జ్వరం, మెట్లెక్కితే ఆయాసం. రెండు మూడు వారాల్లో మెల్లమెల్లగా ముదురుతుంది. తొలిరోజుల్లో ఎక్స్‌రే శుభ్రంగానే కనిపించవచ్చు, స్టెతస్కోపుకూ ఏమీ వినిపించకపోవచ్చు. కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ మీ ఇంట్లో ఏ సొరుగులోనో ఉండే ఉంటుంది. బయటికి తీయండి. కూర్చుని ఉండగా ఆక్సిజన్ శాతం చూసుకోండి. వరండాలో నాలుగైదు నిమిషాలు నడిచి, వేలికి తగిలించి మళ్లీ చూడండి. కూర్చున్నప్పుడు 97 ఉన్నది నడిచాక 92కి జారిందంటే, మీకు ఎంత బాగున్నట్టు అనిపించినా సరే, ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. కూర్చున్నప్పుడే 94 కన్నా తక్కువ ఉంటే నడక పరీక్ష జోలికి పోకుండా నేరుగా క్యాజువాలిటీకి వెళ్లండి.

రాత్రి తొమ్మిదిన్నరకు

కీమో విషయంలో అంతకన్నా తొందర అవసరం. మందు ఎక్కించాక సాధారణంగా ఏడో రోజుకూ పద్నాలుగో రోజుకూ మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఏ మందుకు ఏ రోజుల్లో పడతాయో మీ ఆంకాలజిస్టును అడిగి ఆ తేదీలు గోడ క్యాలెండర్లో దిద్ది ఉంచుకోండి. మైక్రోలీటరు రక్తంలో న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు 500 కన్నా తగ్గినప్పుడు వచ్చే జ్వరం గంటల్లో ప్రాణం మీదికి తేగలదు. ఆసుపత్రికి చేరిన గంటలోపు నరంలోకి యాంటీబయాటిక్ పడాలన్నది వైద్యులు పాటించే నియమం.

ఇళ్లలో జరిగేది వేరు. కీమో అయి తొమ్మిదో రోజు, రాత్రి తొమ్మిదిన్నర అనుకుందాం.

‘అమ్మా, చెయ్యి కాలుతోందేంటి. థర్మామీటర్ పెట్టుకున్నావా?’

‘ఏం లేదురా. మధ్యాహ్నం డాబా మీద బట్టలు ఆరేశాను, ఆ ఎండ వేడి. ఓ బిళ్ల వేసుకుని పడుకుంటే తెల్లారేసరికి అదే పోద్ది.’

ఆ తల్లి మాటలో మొండితనం లేదు. కొడుకు రేపు ఆఫీసుకు పోవాలి, ఇప్పుడు ఆటో ఎక్కడ దొరుకుతుంది, మళ్లీ ఖర్చు, ఇవే ఆవిడ మనసులో ఉన్నాయి. కానీ ఒక్క మాటలో మూడు నష్టాలు జరిగిపోయాయి. జ్వరం ఎంతో తెలియకుండా పోయింది. దానికి ఎండ అనే కారణం దొరికింది కాబట్టి అసలు కారణం వెతికేవాళ్లు లేరు. ఆపైన పారాసిటమాల్ బిళ్ల జ్వరాన్ని దించేసి లోపలి ఇన్ఫెక్షన్‌ను తెల్లవారిదాకా దాచిపెడుతుంది.

జ్వరం రాకముందే, ఇంటిల్లిపాదీ స్థిమితంగా ఉన్న ఒక సాయంత్రం కూర్చుని ఈ రాత్రి గురించి మాట్లాడుకోండి. డిజిటల్ థర్మామీటర్ ఎక్కడ ఉంటుందో అందరికీ తెలియాలి. కాఫీ తాగిన వెంటనే నోట్లో పెట్టకూడదు, పావుగంట ఆగాలి. 100.4 ఫారన్‌హీట్ వచ్చిందంటే బిళ్ల వేసుకునే ముందే ఆసుపత్రికి ఫోన్ చేయాలి. చలితో వణుకు వస్తే అంకె ఎంతన్నది కూడా చూడొద్దు. రాత్రిపూట ఏ ఆసుపత్రికి వెళ్లాలి, ఎవరి బండి, అడ్వాన్సు కట్టడానికి డబ్బు ఎక్కడుంది, ఇంట్లో పిల్లల దగ్గర ఎవరుంటారు అన్నవి ఆ సాయంత్రమే తేల్చుకోండి. అన్నీ ముందే తేలి ఉంటే ఆ తల్లికి ‘రేపు చూద్దాం’ అనవలసిన అవసరం సగం తగ్గుతుంది.

ఫోన్‌లో ఏం చెప్పాలన్నదీ ముఖ్యమే. ‘డాక్టర్ గారూ, అమ్మకి కొంచెం జ్వరంగా ఉంది’ అంటే అవతల డ్యూటీ డాక్టర్‌కు అది ఆ రాత్రి వచ్చిన పదో జ్వరం. ఇలా చెప్పి చూడండి: ‘అమ్మకి రొమ్ము క్యాన్సర్‌కి కీమో జరుగుతోందండీ. మూడో సైకిల్ అయి ఇవాళ్టికి తొమ్మిదో రోజు. ఇప్పుడు జ్వరం 100.8, చలి కూడా వచ్చింది. పారాసిటమాల్ ఇవ్వలేదు. అరగంటలో తీసుకొస్తున్నాం.’ ఇది విన్న డాక్టర్ మీరు వచ్చేలోపే నర్సును సిద్ధం చేస్తారు.

ఇవే వివరాలు ఒక కార్డు మీద రాసి, లామినేషన్ చేయించి పర్సులో పెట్టుకోండి. జబ్బు పేరు, వాడే మందులు మోతాదుతో సహా, చివరి కీమో తేదీ లేదా చివరి సీడీ4 అంకె, సల్ఫా లాంటి మందులు పడకపోతే ఆ సంగతి, చూసే డాక్టర్ నంబరు. అమెరికాలోనో బెంగళూరులోనో ఉన్న పిల్లల ఫోన్లలో కూడా ఆ కార్డు ఫొటో ఉంటే మంచిది. అర్ధరాత్రి ఊళ్లో ఉన్న నాన్న తరఫున క్యాజువాలిటీతో మాట్లాడవలసి వచ్చేది తరచుగా వాళ్లే.

దాచిపెట్టిన జబ్బు

కార్డు రాసుకోండి అనడం తేలిక. హెచ్‌ఐవీ ఉన్నవారికి అది ఎంత కష్టమో తెలిసే చెబుతున్నాను. ఊళ్లో నలుగురికీ తెలుస్తుందన్న భయంతో పక్క జిల్లా ఏఆర్‌టీ సెంటర్‌కు వెళ్లి మందులు తెచ్చుకునేవాళ్లున్నారు. డబ్బా మీది లేబుల్ చించేసి బిళ్లలు వేరే సీసాలో పోసుకునేవాళ్లున్నారు. ఆ భయం ఊరికే పుట్టలేదు, చూసిన అవమానాల్లోంచి పుట్టింది.

కానీ ఒక్కచోట మాత్రం దాచకండి. కొత్తగా తలనొప్పి మొదలై వారమైనా తగ్గకుండా, వాంతులు, మగతతో క్యాజువాలిటీకి వెళ్లిన మనిషి తన సీడీ4 తక్కువని చెప్పకపోతే, దాన్ని మైగ్రేన్ అని మందిచ్చి పంపేసే ప్రమాదం ఉంది. అదే మాట చెబితే డాక్టర్ ఆలోచన క్రిప్టోకాకస్ మెదడుపొర వాపు, టీబీ, టాక్సోప్లాస్మా వైపు వెళుతుంది. సీడీ4 100కు దిగువన ఉన్నవారిలో క్రిప్టోకాకస్ ముప్పు బాగా ఎక్కువ. చిన్న రక్తపరీక్షతో తలనొప్పి రాకముందే దాన్ని పసిగట్టవచ్చు. ‘నాకు ఆ పరీక్ష అయిందా?’ అని మీ సెంటర్‌లో అడగండి. సీడీ4 50కు దిగితే కంటి వెనక పొరను మరో వైరస్ తినేయవచ్చు, నొప్పే ఉండదు. చూపులో నల్లటి మచ్చలు తేలుతున్నా, ఒక పక్క మసకబారినా అదే వారం కంటి డాక్టర్ చూడాలి.

2017లో పార్లమెంటు చేసిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. హెచ్‌ఐవీ ఉందని వైద్యం నిరాకరించడాన్ని, మీ అనుమతి లేకుండా మీ సంగతి బయటపెట్టడాన్ని అది నిషేధిస్తుంది. ఎక్కడైనా మిమ్మల్ని అలా చూస్తే 1097కు ఫోన్ చేయండి, ఉచితం.

మన దగ్గర ఈ కోవలో ఎక్కువ ప్రాణాలు తీసేది టీబీ. దాని తీరూ వీళ్లలో మారిపోతుంది. సినిమాల్లో చూసినట్టు నెత్తురు దగ్గడం అరుదు. గ్రంథుల్లో, పొట్టలో, మెదడు పొరల్లో, వెన్నులో దాక్కుంటుంది. గళ్ల పరీక్షలో దొరక్కపోవచ్చు. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు. ఈ నాలుగింట్లో ఏ ఒక్కటి, ఎన్నాళ్లనుంచి ఉన్నా, హెచ్‌ఐవీ ఉన్నవారు సెంటర్‌లో చెప్పి తీరాలి. రెండు వారాలు చూద్దామన్న లెక్క మిగతావాళ్లకు. టీబీ లేదని తేలితే, అది రాకుండా ముందస్తు మందుల కోర్సు ఇస్తారు. మీకు అయిందో లేదో మీ ఏఆర్‌టీ పుస్తకంలో చూసుకోండి.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే దీనివల్లే చాలామంది మందులు మానేస్తున్నారు. ఏఆర్‌టీ మొదలుపెట్టిన కొన్ని వారాలకు కొందరికి జ్వరం వస్తుంది, మెడ దగ్గర గడ్డలు లేస్తాయి. ‘మందు పడలేదు, దీనికంటే ముందే నయం’ అనుకుంటారు. లోపల జరిగేది దానికి తలకిందులు. ఇన్నాళ్లూ నీరసించి ఉన్న తెల్లకణాలు కోలుకుని, అప్పటిదాకా గుట్టుగా ఉన్న టీబీ మీద తిరగబడుతున్నాయి. ఆ పోరు వేడే మీకు తెలుస్తోంది. ఏఆర్‌టీ మానకుండా వెంటనే సెంటర్‌కు వెళ్లండి. దానికి చికిత్స ఉంది.

ఇంకో పాత మందు గురించి. కోట్రైమాక్సజోల్, అంటే మన పెద్దవాళ్లకు తెలిసిన సెప్ట్రాన్. రోజుకో బిళ్ల. న్యుమోసిస్టిస్‌నీ టాక్సోప్లాస్మానీ కొన్ని బ్యాక్టీరియాలనూ అడ్డుకుంటుంది. జాంబియాలో హెచ్‌ఐవీ ఉన్న పిల్లల మీద జరిపిన పరిశోధన 2004లో వెలువడింది. రోజూ ఈ మందిచ్చిన పిల్లల్లో మరణాలు 43 శాతం తగ్గాయి. ఇంత చవక బిళ్ల ఇంత పని చేస్తుంటే ‘అది ఊరికే ఇచ్చారులే’ అని పక్కన పెట్టేవాళ్లను చూస్తే మనసు చివుక్కుమంటుంది. కిడ్నీ మార్పిడి అయినవారికీ తొలినెలల్లో ఇదే ఇస్తారు. ఒంటిమీద దద్దుర్లు వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించాలి. నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడడం, చర్మం ఊడడం కనిపిస్తే మరో బిళ్ల వేసుకోకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

తెలియకుండా తింటున్న స్టెరాయిడ్

క్యాన్సరో మార్పిడో అయినవాళ్లకు తమ రక్షణ తగ్గిందని తెలుసు. తెలియనివాళ్ల గురించి నాకు ఎక్కువ బెంగ. మోకాళ్ల నొప్పులకు ఎవరో ఇచ్చిన పొట్లాల మందు తిని ‘మూడు రోజుల్లో లేచి తిరిగాను’ అని మెచ్చుకునే పెద్దమ్మలున్నారు. పేరూ ఊరూ లేని పొడి అంత వేగంగా పనిచేసిందంటే అందులో స్టెరాయిడ్ కలిసిందేమో అని అనుమానించాలి. ముఖం గుండ్రంగా ఉబ్బడం, ఆకలి విపరీతంగా పెరగడం, లేని షుగర్ రావడం, ముట్టుకుంటే చర్మం కమిలిపోవడం దాని గుర్తులు. అలాగని ఒక్కసారిగా ఆపేయకూడదు. నెలల తరబడి స్టెరాయిడ్ అందిన శరీరం సొంత హార్మోన్ తయారుచేసుకోవడం తగ్గించేస్తుంది. హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోయి కుప్పకూలవచ్చు. ఆ పొట్లం చేతపట్టుకుని ఫిజీషియన్ దగ్గరికి వెళ్లండి, మెల్లగా తగ్గిస్తారు.

2021లో కోవిడ్ రెండో ఉధృతిలో ఇదే పాఠం బ్లాక్ ఫంగస్ రూపంలో వచ్చింది. అదుపు తప్పిన షుగర్, దాని మీద స్టెరాయిడ్. గాలిలోనూ మట్టిలోనూ ఎప్పుడూ ఉండే బూజు అదను చూసి ముక్కులోంచి కంటికి, మెదడుకు పాకింది. తెలంగాణ ప్రభుత్వం ఆ మే నెలలో దాన్ని తప్పనిసరిగా నివేదించవలసిన వ్యాధిగా ప్రకటించింది, కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి రోగులతో నిండిపోయింది. కోవిడ్ తగ్గినా ఆ బూజు ఎక్కడికీ పోలేదు. షుగర్ 300 దాటి, ఒక పక్క ముఖం మొద్దుబారి, ముక్కు ఒకవైపే బిగుసుకుని, పళ్లు కదులుతుంటే డెంటిస్టు అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించాలి.

పొలం పని చేసినవారికి ఇంకో సంగతి. స్ట్రాంగిలాయిడిస్ అనే సన్నటి పురుగు చెప్పుల్లేని పాదాల చర్మంలోంచి దూరి పేగుల్లో కాపురం పెడుతుంది. మిగతా నులిపురుగుల్లా కొన్నాళ్లకు చచ్చిపోదు, లోపలే సంతతి పెంచుకుంటూ పదుల ఏళ్లు ఉండగలదు. స్టెరాయిడ్ మొదలుపెడితే అదుపు తప్పి ఊపిరితిత్తులు, రక్తం, ఒళ్లంతా పాకవచ్చు. చిన్నప్పటినుంచి నాట్లు వేసి, కలుపు తీసిన మనిషి ఎక్కువ రోజులు స్టెరాయిడ్ వాడబోయే ముందు ఆ మాట డాక్టర్‌కు చెప్పాలి. పరీక్ష ఉంది, ఐవర్‌మెక్టిన్ అనే మందూ ఉంది. ‘మీరేం పని చేసేవారు?’ అని అడిగే తీరిక డాక్టర్‌కు లేకపోతే మీరే చెప్పండి.

ఇంట్లో, గుడిలో, పెళ్లిలో

మన వంటిల్లు ఈ విషయంలో మంచిదే. పాలు పొంగించి తాగుతాం, కూర ఉడికించి తింటాం. ఇబ్బంది బయటి నీళ్లతోనూ పచ్చివాటితోనూ. నీళ్లు మరిగించి చల్లార్చుకోండి. సగం ఉడికిన గుడ్డు, బండి మీద కోసిపెట్టిన పుచ్చకాయ ముక్కలు, పానీపూరీ, చెరుకు రసం, చెట్టు దించిన కల్లు కొన్నాళ్లు వద్దు. మామిడిపండు కడిగి తొక్క తీసి తినండి. కిడ్నీ మార్పిడి అయి టాక్రోలిమస్ వాడేవాళ్లు పంపరపనస తినకూడదు, ఆ మందు రక్తంలో పెరిగిపోతుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ఫంగస్ బిళ్లలూ అలాగే పెంచుతాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్ టాక్రోలిమస్‌ను పడగొడుతుంది, హెచ్‌ఐవీకి ఇచ్చే డోలుటెగ్రావిర్‌నూ పడగొడుతుంది. కాబట్టి ఏ డాక్టర్ ఏ మందు రాసినా రెండో డాక్టర్‌కు తెలియాలి.

గుడికి వెళ్లండి, రద్దీ లేని వేళ చూసుకుని. తీర్థం తల మీద చల్లుకోండి, వేడిగా పెట్టిన పులిహోర తినండి. బాల్కనీలో పావురాల రెట్టలుంటే మీరు ఊడ్చకండి. ఆ దుమ్ములోనే క్రిప్టోకాకస్ ఉంటుంది. ఇంకెవరైనా నీళ్లు చల్లి, మాస్కు కట్టుకుని తీయాలి. ఇంట్లో గోడలు కొట్టే పని ఉంటే ఆ వారం మరోచోట ఉండండి.

పరామర్శకు వచ్చేవాళ్లను కాదనడం మన ఇళ్లలో గట్టి చిక్కు. ఆపరేషనైన మనిషిని పదిమంది వచ్చి చూడకపోతే తప్పు పడతారు, వస్తే దగ్గులూ తుమ్ములూ తెస్తారు. ఆ మాట చెప్పే భారం రోగి మీద పెట్టకండి. ఇంట్లో ఒకరు తీసుకోవాలి. ‘పెద్దమ్మా, నువ్వు వస్తే ఆయనకి ఎంతో ధైర్యం. కానీ డాక్టర్ గారు ఈ నెల ఎవర్నీ రానివ్వొద్దన్నారు. వీడియో కాల్ కలుపుతాను, ఇప్పుడే మాట్లాడు’ అంటే నొచ్చుకునేవాళ్లు తక్కువ.

టీకాల్లో బతికున్న క్రిమి ఉన్నవి వీళ్లకు సాధారణంగా పనికిరావు. ఏటా వేసే ఫ్లూ సూది, న్యుమోకాకల్, హెపటైటిస్ బి టీకాలు వేయించుకోవచ్చు, వేయించుకోవాలి. సర్పికీ బతికున్న క్రిమి లేని టీకా ఇప్పుడు దొరుకుతోంది. మార్పిడి జరగబోతోందని తెలిస్తే ఆపరేషన్‌కు ముందే వీటి మాట ఎత్తండి, అప్పుడు వేస్తే బాగా పనిచేస్తాయి. ఇంట్లో మిగతావాళ్లు కూడా ఫ్లూ టీకా వేయించుకుంటే రోగికి అదీ రక్షణే. పసిపాపకు పోలియో చుక్కలు వేశాక కొన్ని వారాలు ఆ పాప డైపర్ మార్చే పని అమ్మమ్మదైతే, ఆవిడ కీమోలో ఉంటే, ఆ పని ఇంకొకరు చూసుకోవాలి. పాప టీకాలు మాత్రం ఆపొద్దు.

ఇవన్నీ ఎన్నాళ్లు? ఒక్కొక్కరికి ఒక్కో లెక్క. కీమో ముగిశాక సాధారణంగా కొన్ని వారాల్లో న్యూట్రోఫిల్స్ తేరుకుంటాయి. ఏఆర్‌టీతో సీడీ4 పెరిగి నిలబడితే కోట్రైమాక్సజోల్ ఆపుతారు, ఎప్పుడన్నది డాక్టరే చెబుతారు. మార్పిడి అయినవారికి మొదటి ఆరు నెలలు గడ్డుకాలం, ఆ తర్వాత మందుల మోతాదు తగ్గేకొద్దీ కట్టుబాట్లూ సడలుతాయి.

కిడ్నీ మార్పిడి అయిన రైతుకు పొలం మానెయ్యమని చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. ఆయనకు అది బతుకుతెరువు, అంతకుమించి ప్రాణం. వానాకాలం మడిలో మెలియాయిడోసిస్ అనే జబ్బు తెచ్చే బ్యాక్టీరియా ఉండవచ్చు, షుగర్ కూడా ఉన్నవారిని అది గట్టిగా పట్టుకుంటుంది. అందుకని మొదటి ఆరు నెలలు గట్టు మీదే ఉండి పని చేయించండి. ఆపైన నెఫ్రాలజిస్టు సరేనంటే మోకాళ్లదాకా గమ్‌బూట్లు, చేతులకు రబ్బరు గ్లౌజులు తొడుక్కుని దిగండి. వడ్లు తూర్పారబట్టేటప్పుడు, గడ్డివాము కదిపేటప్పుడు మాత్రం దూరంగా ఉండండి, ఆ బూజు దుమ్ము ఊపిరితిత్తులకు పడదు. కాలు గీసుకుంటే అక్కడికక్కడే బోరు కింద సబ్బుతో కడిగి, కట్టు కట్టి, ఆ రోజుకు పని ఆపేయండి. మూడో రోజుకు జ్వరం వస్తే మడిలో దిగిన సంగతి డాక్టర్‌కు చెప్పడం మరవకండి.